షాపుకి సెలవా, షాపులో మనిషికి సెలవా? బ్లాక్ ఫ్రైడే వెనక కథ

నవంబరు మూడో వారం దాటిందంటే మీ ఫోన్‌లో ఏం మోగుతుందో నాకు తెలుసు. "బ్లాక్ ఫ్రైడే సేల్, ఈ రాత్రి 12 గంటల నుంచే!" షూస్ అమ్మే యాప్ పంపిస్తుంది, ఇయర్‌బడ్స్ అమ్మే యాప్ పంపిస్తుంది, ఆఖరికి మన వీధి చివర జిమ్ వాడు కూడా వాట్సాప్ స్టేటస్‌లో బ్లాక్ ఫ్రైడే ఆఫర్ పెడుతున్నాడు. మనకేమో దీపావళి అయిపోయింది, సంక్రాంతి ఇంకా రాలేదు. మధ్యలో ఈ నల్ల శుక్రవారం ఎక్కణ్ణించి ఊడిపడిందని ఎవరూ అడగరు. డిస్కౌంట్ ఎంత అని మాత్రం అడుగుతాం.

ఈ ఎపిసోడ్ డిస్కౌంట్ గురించి కాదు. ఊరంతా పండగ చేసుకుంటుంటే షాపు షట్టర్ ఎత్తాల్సిన మనిషి గురించి. కథ అమెరికాలో మొదలవుతుంది, చివరికి మన బజారుకే వస్తుంది.

ముందు పండగ సంగతి. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. మన సంక్రాంతి లాంటిదే అనుకోండి. పంట ఇంటికొచ్చిన సంతోషంలో చేసుకునే పండగ, ఎక్కడెక్కడో ఉన్న పిల్లలు ఇంటికి చేరే పండగ. టర్కీ కోడి, గుమ్మడికాయ పై, అందరూ ఒకే బల్ల చుట్టూ భోజనం. 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, నవంబరు చివరి గురువారం దేశమంతా దీన్ని జరుపుకోవాలని లింకన్ ప్రకటించాడు. ఆ మర్నాటి నుంచి క్రిస్మస్ షాపింగ్ మొదలయ్యేది. థాంక్స్‌గివింగ్ కాకముందే క్రిస్మస్ ప్రకటనలు వేస్తే జనం తప్పుగా అనుకుంటారని వ్యాపారులకి ఒక బెరుకు ఉండేది. అది చట్టం కాదు, మర్యాద. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 1939కి రండి. మహా మాంద్యం దెబ్బ నుంచి దేశం ఇంకా పూర్తిగా కోలుకోలేదు. ఆ ఏడాది నవంబరులో ఐదు గురువారాలు పడ్డాయి. చివరి గురువారం అంటే 30వ తేదీ. క్రిస్మస్‌కి మూడు వారాల మీద కొద్ది రోజులే మిగిలాయి. పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల వాళ్లు గోల పెట్టారు. పండగని ఒక వారం ముందుకి జరిపితే మాకు అమ్ముకోవడానికి ఇంకో వారం దొరుకుతుంది కదా అని. ఫెడరేటెడ్ డిపార్ట్‌మెంట్ స్టోర్స్‌కి చెందిన ఫ్రెడ్ లాజరస్ ఈ వాదన వినిపించిన వాళ్లలో ముఖ్యుడు. ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ ఒప్పేసుకున్నాడు. ఆగస్టులో ప్రకటన వచ్చింది: ఈసారి పండగ 30న కాదు, 23న.

ఇంక చూడండి రచ్చ. క్యాలెండర్లు అచ్చైపోయాయి, కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల తేదీలు ఖాయమైపోయాయి. దాదాపు సగం రాష్ట్రాలు కొత్త తేదీ పాటించాయి, మిగతా సగం పాత తేదీకే కట్టుబడ్డాయి. టెక్సాస్ అయితే రెండు రోజులూ పండగ చేసుకుంది. రూజ్వెల్ట్ మొదటి పేరు ఫ్రాంక్లిన్ కదా, దాంతో జనం ఈ పండగకి "ఫ్రాంక్స్‌గివింగ్" అని వెక్కిరింపు పేరు పెట్టారు. మన దగ్గర పంచాంగాలు కలవక ఉగాదో దీపావళో రెండు రోజులు వస్తుంటుంది చూడండి, ఇంచుమించు అదే గందరగోళం. కాకపోతే ఇక్కడ తేడా తిథి వల్ల, అక్కడ తేడా గల్లాపెట్టె వల్ల. చివరికి 1941 డిసెంబరులో నాలుగో గురువారమే థాంక్స్‌గివింగ్ అని చట్టం చేసి గొడవకి తెర దించారు.

అంత జరిగినా ఒక్కటి గమనించండి. వ్యాపారులు పండగని జరపమన్నారే తప్ప, పండగ రోజు షాపు తెరుస్తామని అడగలేదు. గురువారం జోలికి వెళ్లలేదు. వాళ్లకి కావలసింది శుక్రవారాలు, శనివారాలు.

మరి ఆ శుక్రవారానికి నల్ల రంగు ఎలా అంటింది? చాలా వీడియోల్లో చెప్పే కథ ఏంటంటే, ఆ రోజుతో షాపుల లెక్కలు నష్టాల ఎర్ర సిరా నుంచి లాభాల నల్ల సిరాకి మారతాయని. వినడానికి బాగుంటుంది గానీ అది తర్వాత తగిలించిన కథ. ఈ పేరుని జనంలోకి తెచ్చింది 1950లు, 60లలో ఫిలడెల్ఫియా ట్రాఫిక్ పోలీసులు. పండగ మర్నాడు ఊళ్లోకి షాపింగ్ జనం, శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం ఇంకా జనం, రోడ్లన్నీ జామ్. ఆ రోజు పోలీసులకి లీవు లేదు, డ్యూటీకి అంతు లేదు. విసుగొచ్చి దానికి బ్లాక్ ఫ్రైడే అని పేరు పెట్టుకున్నారు. అంటే మన ఫోన్‌లో ఆఫర్‌గా మెరుస్తున్న ఆ మాట, నిజానికి సెలవు దొరకని ఉద్యోగి తిట్టు. నాకైతే ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ముక్క ఇదే.

సరే, అసలు విషయానికి వద్దాం. సెలవు రోజు షాపు మూయాలా వద్దా అనేది ఎవరు తేలుస్తారు? అమెరికాలో ఆదివారాలకి వలస పాలన కాలం నుంచీ చట్టాలున్నాయి. బ్లూ లాస్ అంటారు. ఆదివారం చర్చి రోజు కాబట్టి అంగళ్లు మూయాలన్నది వాటి మూలం. వీటి మీద 1961లో సుప్రీంకోర్టులో ఒక కేసు తేలింది. మెక్‌గవాన్ వర్సెస్ మేరీలాండ్. న్యాయశాస్త్రం చదివేవాళ్లు మతస్వేచ్ఛ పాఠంలో దీన్ని చదువుతారు. మనం షాపు వైపు నుంచి చూద్దాం.

మేరీలాండ్ రాష్ట్రం, ఆన్ అరండెల్ కౌంటీ. హైవే పక్కన పెద్ద డిస్కౌంట్ స్టోర్. ఆదివారం అమ్మకూడని సరుకు అమ్మారని కేసు పెట్టారు. ఏమిటా సరుకు? సారా కాదు, తుపాకులు కాదు. ఒక మూడు రింగుల ఫైలు, నేలకి రుద్దే పాలిష్ డబ్బా, స్టేప్లర్, దాని పిన్నులు, పిల్లలాడుకునే బొమ్మ జలాంతర్గామి. మరి ముద్దాయిలెవరు? ఓనరేమో అనుకుంటాం. కాదు. ఆ షాపులో పనిచేసే ఏడుగురు ఉద్యోగులు! మనిషికి 5 డాలర్ల జరిమానా, పైన కోర్టు ఖర్చులు. సెలవు రోజు షాపు తెరవాలని నిర్ణయం తీసుకున్నది ఒకరు, బోనులో నిలబడ్డది ఇంకొకరు.

వాళ్ల తరఫు వాదన: ఈ చట్టం ఒక మతం కోసం చేసింది, రాజ్యాంగానికి విరుద్ధం. కోర్టు ఒప్పుకోలేదు. చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్ రాసిన తీర్పు సారాంశం ఇది. ఈ చట్టాలు మతం కడుపునే పుట్టాయి, నిజమే. కానీ ఇప్పుడు వాటి పని వేరు, అందరికీ ఒకే రోజు విశ్రాంతి ఇవ్వడం. వారంలో ఏదో ఒక రోజు ఎవరికి వాళ్లు సెలవు తీసుకుంటే సరిపోదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. సరిపోదంది కోర్టు. నాకు సోమవారం, మా ఆవిడకి గురువారం, మా తమ్ముడికి శనివారం సెలవైతే, లెక్క ప్రకారం ముగ్గురికీ సెలవు వచ్చినట్టే. ముగ్గురం కలిసి భోంచేసింది మాత్రం లేదు. ఈ ఉదాహరణ నాదే గానీ తీర్పులో ఆలోచన ఇదే.

దీనికి రెండో వైపూ ఉంది. అదే రోజు ఇంకో తీర్పు వచ్చింది, బ్రౌన్‌ఫెల్డ్ కేసు. ఫిలడెల్ఫియాలో యూదు వ్యాపారులు, మతం ప్రకారం శనివారం మూస్తారు. చట్టం ప్రకారం ఆదివారం కూడా మూయాలంటే మాకు వారానికి రెండు రోజులు వ్యాపారం పోతుంది కదా అన్నారు. వాళ్లూ ఓడిపోయారు. అందరికీ ఒకే సెలవు అంటే ఎక్కువమంది సెలవు అనే అర్థం. తక్కువమంది దాని బరువు మోస్తారు. ఇది చెప్పకుండా పాత రోజులే బంగారం అంటే నేను మీకు సగం కథే చెప్పినట్టు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో ఆదివారం చట్టాలు ఒక్కో రాష్ట్రంలో సడలిపోయాయి. మాల్స్ వచ్చాయి, ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉద్యోగాల్లోకి వచ్చారు, ఆదివారం తప్ప షాపింగ్‌కి టైమ్ దొరకని ఇళ్లు పెరిగాయి. జనానికీ అదే కావాలి. ఆదివారం పోయింది. థాంక్స్‌గివింగ్ మాత్రం చాలాచోట్ల మర్యాద మీద నిలబడింది. కేమార్ట్ లాంటి ఒకటి రెండు చెయిన్లు ఆ రోజూ తెరిచేవి, మిగతా పెద్ద స్టోర్లు ఎక్కువగా మూసేవి. పోటీ అంతా శుక్రవారం ఎవరు ముందు తలుపు తీస్తారనే దాని మీద. పొద్దున ఆరు, తర్వాత ఐదు.

2008 నవంబరు 28. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో వ్యాలీ స్ట్రీమ్ అనే ఊరు. వాల్‌మార్ట్ ముందు చీకట్లో రెండువేల మంది దాకా జనం. తెల్లవారుజామున ఐదు గంటలకి తలుపులు తీయాలి. తీసేలోపే తోసుకొచ్చారు, తలుపులు విరిగాయి. తలుపు దగ్గర నిలబెట్టిన ఒక 34 ఏళ్ల ఉద్యోగి కింద పడ్డాడు. జనం అతని మీదుగా నడిచి లోపలికి పోయారు. చనిపోయాడు. అతను పర్మినెంట్ ఉద్యోగి కాదు, సీజన్ కోసం ఏజెన్సీ ద్వారా తీసుకున్న మనిషి. గుంపుని ఆపడంలో శిక్షణ లేదు.

కార్మిక భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా కంపెనీకి జరిమానా వేసింది. ఎంతో తెలుసా? 7,000 డాలర్లు. ఆ కంపెనీ దాన్ని కూడా కట్టకుండా ఏళ్ల తరబడి వాదించింది. డబ్బు కోసం కాదు లెండి, గుంపుని అదుపు చేయడం యజమాని బాధ్యత అని ఒక్కసారి ఒప్పుకుంటే ప్రతి ఏడాదీ మెడకు చుట్టుకుంటుందని. 2011లో జడ్జి జరిమానా సబబే అన్నాడు.

ఇప్పుడు ఒక మెలిక. ఇలాంటిది మళ్లీ జరగకూడదంటే ఏం చేయాలి? మీరూ నేనూ అయితే ఇంత పొద్దున్నే సేల్ పెట్టకండి అంటాం. వాళ్లు ఆలోచించింది వేరు. తలుపు మూసి తీయడం వల్లనే కదా బయట గుంపు చేరుతోంది, అసలు మూయకపోతే? 2009లో చాలా వాల్‌మార్ట్ స్టోర్లు గురువారం నుంచి శుక్రవారం దాకా మూయకుండా నడిపారు. జనం భద్రత కోసం చేసిన ఏర్పాటు, కార్మికుడి పండగ రాత్రిని తినేసింది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. అయినా జరిగింది.

అక్కణ్ణించి జారుడుబండే. 2011లో టార్గెట్ అర్ధరాత్రి తెరుస్తామంది. అదే ఏడాది వాల్‌మార్ట్ సేల్ గురువారం రాత్రి 10కే మొదలు. 2012లో 8కి. 2013లో సాయంత్రం 6కి. థాంక్స్‌గివింగ్ ఊరేగింపుని 1924 నుంచి నడుపుతున్న మేసీస్ కూడా 2013లో, తన చరిత్రలోనే మొదటిసారి, గురువారం రాత్రి 8కి తలుపులు తీసింది. మరుసటి ఏడాది 6కి. ఆరింటికి షాపు తెరవాలంటే ఉద్యోగి నాలుగింటికో ఐదింటికో అక్కడ ఉండాలి. అంటే మధ్యాహ్నం పండగ భోజనానికి కూర్చున్నవాడు ఒక కన్ను గడియారం మీద వేసి తినాలి. రాత్రంతా నిలబడాలంటే భోజనం మానేసి పడుకోవాలి.

2011లో టార్గెట్‌లోనే పార్ట్‌టైమ్ చేసే ఒక ఉద్యోగి, నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహా నుంచి, ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టాడు. మా పండగ మాకు ఇవ్వండి అని. సుమారు రెండు లక్షల మంది సంతకాలు చేశారు. స్టోర్ మాత్రం అర్ధరాత్రి తెరుచుకుంది. మరుసటి ఏడాది ఇంకా ముందే, 9కి.

"ఇష్టమైనవాళ్లే వస్తున్నారు, డబ్బు ఎక్కువ ఇస్తున్నాం కదా" అని కంపెనీలు అనేవి. కొన్ని ఇచ్చాయి కూడా, అబద్ధం కాదు. ఆ డబ్బు అవసరమై సంతోషంగా షిఫ్ట్ తీసుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ అమెరికాలో 1938 నాటి కేంద్ర కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు యజమాని పండగ రోజు సెలవు ఇవ్వాలనీ లేదు, పనిచేయించుకుంటే అదనంగా ఇవ్వాలనీ లేదు. ఇస్తే దయ. ఇక ఇష్టం సంగతి. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషికి వచ్చే వారం ఎన్ని గంటలు పని వేయాలో మేనేజర్ చేతిలో ఉంటుంది. ఆయన "రాగలవా?" అని అడిగితే దాన్ని ప్రశ్న అనుకోవచ్చా?

షాపుల వాళ్లందరూ రాక్షసులా అంటే, కాదు. కాస్ట్‌కో లాంటివి మూసే ఉంచాయి. ఆర్ఈఐ అనే ట్రెక్కింగ్ సామాన్ల కంపెనీ 2015లో శుక్రవారం కూడా మూసి ఉద్యోగులకి జీతం ఇచ్చి పంపింది. మిగతావాళ్ల ఇబ్బంది ఏంటంటే, ఎదుటివాడు తెరిస్తే నేను తెరవాలి. ఇద్దరం మూస్తే ఇద్దరికీ నష్టం లేదు, ఎలాగూ ఆ టీవీ కొనేవాడు మర్నాడు కొంటాడు. కానీ ముందు ఎవరు నమ్ముతారు?

దీనికి మసాచుసెట్స్ రాష్ట్రంలో చక్కని ఉదాహరణ ఉంది. అక్కడ, పక్కనున్న రోడ్ ఐలాండ్‌లో, మెయిన్‌లో పాత చట్టాలు ఇంకా బతికే ఉన్నాయి. థాంక్స్‌గివింగ్ నాడు పెద్ద షాపులు తెరవకూడదు. 2005లో హోల్ ఫుడ్స్ మసాచుసెట్స్‌లో పండగ రోజు తెరుద్దామనుకుంది. ప్రభుత్వానికి చెప్పిందెవరు? యూనియన్ కాదు. షాస్ అనే పోటీ సూపర్‌మార్కెట్! అటార్నీ జనరల్ కుదరదన్నాడు. చట్టం ఉంటే నీ పోటీదారుడే నీకు కాపలా. 2013లో దేశమంతా సాయంత్రం ఆరింటికి పరుగెత్తుతున్నప్పుడు ఆ మూడు రాష్ట్రాల్లో షాపుల వాళ్లు తీరిగ్గా భోజనం చేశారు. అర్ధరాత్రి దాటాకే వాళ్ల డ్యూటీ.

మిగతా దేశంలో పోయిన గురువారాన్ని తిరిగి తెచ్చింది పిటిషన్ కాదు, చట్టం కాదు. కరోనా. 2020 జూలైలో వాల్‌మార్ట్, ఆ వెంటనే టార్గెట్, ఈసారి థాంక్స్‌గివింగ్‌కి మూసేస్తాం అని ప్రకటించాయి. గుంపు వద్దని. 2021లో టార్గెట్ ఇక ఎప్పటికీ ఇంతే అంది. ఎందుకంత ధైర్యం వచ్చింది? అమ్మకాలు ఎటూ పోలేదు కాబట్టి. అడోబ్ లెక్క ప్రకారం 2021 థాంక్స్‌గివింగ్ ఒక్కరోజు అమెరికన్లు ఆన్‌లైన్‌లో 510 కోట్ల డాలర్ల సరుకు కొన్నారు. సోఫాలో పడుకుని, ఫోన్‌లో. క్యాషియర్ ఇంటికెళ్లింది. ఆమె పని గోడౌన్‌కి, ట్రక్కుకి, కాల్ సెంటర్‌కి వెళ్లింది. వాళ్లు మనకి కనపడరు కాబట్టి ఆ రోజు షాపులు మూసి ఉన్నట్టే అనిపిస్తుంది.

ఆ కాల్ సెంటర్‌లో కొన్ని కుర్చీలు మన గచ్చిబౌలిలో ఉంటాయి. అమెరికా షిఫ్ట్ చేసే మీ ఫ్రెండ్‌ని అడిగి చూడండి. జూలై 4కి సెలవు, దసరాకి డ్యూటీ. రిటైల్ క్లయింట్ అయితే నవంబరు చివరి రెండు వారాలు లీవు అన్న మాటే ఎత్తకూడదు.

ఇక మన బజారుకి వచ్చేద్దాం, ఎందుకంటే అదే ప్రశ్న ఇక్కడా ఉంది. మిల్లు కార్మికుల ఆదివారం కోసం బొంబాయిలో లోఖండే చేసిన పోరాటం పెద్ద కథ, దానికి వేరే ఎపిసోడ్ కావాలి. షాపుల వరకు చూస్తే 1942లో బ్రిటిష్ వాళ్ల కాలంలో వీక్లీ హాలిడేస్ యాక్ట్ వచ్చింది. 1947లో మద్రాసు షాపుల చట్టం, అది ఆంధ్ర జిల్లాలకీ వర్తించింది. 1951లో హైదరాబాద్ రాష్ట్రానికి ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1966లో, తర్వాత 1988లో కొత్త చట్టాలు. 1942 చట్టంలోనూ మద్రాసు చట్టంలోనూ రెండు వేర్వేరు మాటలున్నాయి, జాగ్రత్తగా వినండి. ఒకటి, వారంలో ఒక రోజు షాపు పూర్తిగా మూయాలి, ఆ రోజేదో బోర్డు మీద రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. రెండు, షాపులో పనిచేసే ప్రతి మనిషికీ వారానికి ఒక రోజు సెలవు. పాత కిరాణా షాపుల్లో "మంగళవారం సెలవు" అని రేకు బోర్డు చూసే ఉంటారు. అది ఆ మొదటి మాట మిగిల్చిన గుర్తు.

2016లో కేంద్రం ఒక నమూనా షాపుల చట్టం తయారుచేసి రాష్ట్రాలకి పంపింది. పది మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే షాపు ఏడాదిలో 365 రోజులూ తెరుచుకోవచ్చు, మనిషికి మాత్రం వారానికో రోజు సెలవు ఇవ్వాలి. అంటే రెండు మాటల్లో మొదటిది తీసేసి రెండోది ఉంచారు. 2017లో మహారాష్ట్ర ఆ దారిలో చట్టం చేసింది. 2023లో తెలంగాణ, షరతులతో 24 గంటలూ షాపులు తెరుచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారపు సెలవు ఇవ్వాలన్నది ఆ షరతుల్లో ఒకటి. కాగితం మీద కార్మికుడు పోగొట్టుకున్నదేం లేదు. రోజులు లెక్కపెడితే సమానమే.

మా పెద్దమ్మ కూతురు ఒక బట్టల షోరూంలో నాలుగేళ్లు చేసింది. పేరు అనవసరం. దసరా నాడు రాత్రి పదిన్నరకి వచ్చేది, కాళ్లు వాచి. సెలవు ఇవ్వలేదా అక్కా అంటే "ఇచ్చారు, బుధవారం" అనేది. బుధవారం పెద్దమ్మ పొలానికి, బావ డ్యూటీకి, పిల్లాడు బడికి. అక్క ఒక్కతే ఇంట్లో బట్టలు ఉతుక్కునేది. పండగ పిండివంటలు డబ్బాలో పెట్టి ఉంచేవాళ్లు, అవి తినేది.

షాపు మూస్తే చాలా, అన్నీ మూసేయమంటున్నానా? లేదు. పండగ పూట ఇంట్లో నెయ్యి అయిపోతే నేనూ క్విక్ డెలివరీ యాప్ తెరిచినవాణ్ణే, పది నిమిషాల్లో కుర్రాడు గుమ్మం ముందున్నాడు. మందుల షాపు, హోటలు, బస్టాండు ఉండాల్సిందే. పట్టుచీర మర్నాడు కొనుక్కోవచ్చు. ఈ గీత ఎక్కడ గీయాలో మన దగ్గర గట్టిగా చర్చ జరగనేలేదు, దానంతటదే చెరిగిపోతోంది. అదే నాకు బాధ.

ఒక పనికొచ్చే సంగతి చెప్పి ఆపేస్తాను, షాపుల్లో చేసేవాళ్లు రాసుకోండి. జాతీయ, పండగ సెలవుల కోసం మనకి 1974 నుంచి విడిగా ఒక చట్టం ఉంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, వీటితో పాటు కొన్ని పండగ రోజులు జీతంతో సెలవు. ఆ రోజు పనిచేయించుకుంటే రెండింతల కూలి ఇవ్వాలి, లేదా ఆ రోజు కూలితో పాటు బదులుగా ఇంకో రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. అమెరికా కార్మికుడికి కేంద్ర చట్టంలో లేనిది ఇది. మీకు ఉంది. అక్కకి నాలుగేళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకూ అప్పుడు తెలియదు.

మీలో షాపుల్లో, షోరూముల్లో, గోడౌన్లలో చేసేవాళ్లు ఉంటే, పోయిన ఆగస్టు 15న మీరెక్కడ ఉన్నారు, దానికి ఏమిచ్చారు, కింద రాయండి. షాపు పేరు, మీ పేరు వద్దు. ఊరు, ఏం షాపో చాలు. వచ్చే వారం కలుద్దాం.